నేను తల ఊపిన నాలుగు నిమిషాలు

మా వీధిలో ఒక అమ్మాయికి ఈ మధ్య ఆరోగ్య పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. పల్లెలు తిరిగి, జబ్బుల గురించి జనం ఏమనుకుంటున్నారో అడిగి రాసుకురావడం పని. నేను చేసి రిటైరయిన పనే అది. "ఆంటీ, మీకు మస్తు అనుభవం ఉన్నది గదా, జర ఏమన్న చెప్పుండ్రి" అని నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. చాయ్ ఇచ్చి, ఎండలో గొడుగు తీసుకుపొమ్మని చెప్పి పంపించాను. ఆమె వెళ్ళాక సిగ్గేసింది. గొడుగు సంగతి వాళ్ళమ్మ చెప్తుంది, నేనెందుకు?

అందుకని ఇది రాస్తున్నాను. ధైర్యం చెప్పే రాత కాదిది. ధైర్యం కావాలంటే సంస్థ వాళ్ళిచ్చే పుస్తకాల్లో కావలసినంత దొరుకుతుంది. నాకు వచ్చిన ప్రమోషన్లు, దొరికిన సర్టిఫికెట్లు ఇందులో ఉండవు. అవన్నీ ఒక అట్టపెట్టెలో ఉన్నాయి, వాటి బాగోగులు చెదలు చూసుకుంటున్నాయి.

మంచి తెలుగు

నేను 1969లో చేరాను. ఆ ఏడాది తెలంగాణ గొడవల వల్ల కాలేజీలు సరిగ్గా నడవలేదు. పీయూసీ తర్వాత ఇంట్లో కూర్చున్న నాకు, వికారాబాద్‌లో మా సంస్థ పెట్టిన చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో. ఎంతమందికి దగ్గు ఉందో, ఎంతమందికి జ్వరం ఉందో లెక్కపెట్టే వాళ్ళు వేరే ఉండేవారు. దగ్గు వస్తే మనిషి ఏమనుకుంటాడు, ఎవరికి చెప్పుకుంటాడు, ఎవరికి దాస్తాడు, ఆసుపత్రికి ఎందుకు పోడు, ఇవి మేం అడిగేవాళ్ళం. సంఖ్యలు కావు, మాటలు కావాలి మాకు.

ఆ మాటలనే మొదట పాడుచేశాం. మా డైరెక్టర్ గారు కోస్తా జిల్లా మనిషి, పెద్ద చదువు చదివి వచ్చారు. చెడ్డవారు కాదు. ఈ మాట ముందే చెప్తున్నాను, తర్వాత మీకు ఆయన మీద కోపం వస్తుంది కనుక. ఆయనకు మా రాతలు "మంచి తెలుగు"లో ఉండాలి. ఒక ముసలమ్మ "పానం మస్తు పరేషాన్ ఉన్నది బిడ్డా, ఎవలకు చెప్పుకోవాలె" అంటే నేను అట్లాగే రాసుకొచ్చేదాన్ని. ఆయన ఎర్రసిరాతో దిద్ది "ఆరోగ్యం కొంత ఇబ్బందికరంగా ఉంది" అని చేసేవారు. ఎవరికీ చెప్పుకోలేకపోవడమనే అసలు సంగతి ఆ దిద్దుబాటులో కొట్టుకుపోయేది. ఖైరున్నీసా అనే ఆమె నాతో గంటసేపు దక్కనీ ఉర్దూలో మాట్లాడింది. మొగుడికి తెలియకుండా గర్భం పోగొట్టుకున్న సంగతి కూడా చెప్పింది. నాకు ఆ భాష చిన్నప్పటి నుంచీ వచ్చు కనుక దాపరికం లేకుండా చెప్పింది. అది కూడా మంచి తెలుగులోకి వచ్చేసరికి మూడు వాక్యాలైంది.

నా భాషను చూసి కూడా హెడ్డాఫీసులో నవ్వేవాళ్ళు. "గిట్లనా సుగుణా, గట్లనా?" అని ఆటపట్టించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. లోపల మండేది. రెండేళ్ళలో నేనూ వాళ్ళలాగే మాట్లాడటం నేర్చుకున్నాను, మూడో ఏడు కొత్తగా వచ్చిన పిల్లల రాతలను నేనే దిద్దడం మొదలుపెట్టాను. మనిషి ఎంత తొందరగా మారిపోతాడో చూడండి.

అరుగు మీద కుర్చీ

మర్పల్లి దగ్గర ఒక ఊళ్ళో పటేలు ఇంటి అరుగు మీద కూర్చుని మాదిగవాడ ఆడవాళ్ళను పిలిపించుకున్నాం. అప్పట్లో పద్ధతే అది. ఊరికి జీపు వెళ్తే పటేలు ఇంటి ముందే ఆగాలి. వాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. నేను అరుగు మీద కుర్చీలో, పింగాణీ కప్పులో చాయ్ తాగుతూ అడిగాను, జ్వరమొస్తే ఎక్కడికి పోతారని.

ఒక పెద్దామె పటేలు వైపు చూసింది. "గవన్ని దొర చెప్తడు తల్లీ, మాకేం ఎర్క" అంది. దొర చెప్పాడు. నేను రాసుకున్నాను.

జీపు ఎక్కబోతుంటే ఆ పెద్దామె దగ్గరికొచ్చింది. "నువ్వు ఎవరి బిడ్డవు తల్లీ?" అని అడిగింది. వికారాబాద్ అన్నాను. "ఊరు కాదు, ఎవరి బిడ్డవు?" అంది. మా తాత చర్చిలో చేరాడు గానీ మా ఇల్లు వాడలోనే ఉండేది. మా నాయనమ్మ ఇలాంటి వాకిళ్ళలో ఇలాగే నిలబడింది. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు చెప్పకుండానే అర్థమైంది. నా మొహం చూసి, "అయితే మా ఇండ్లకు ఎందుకు రాకపోతివి?" అని మాత్రం అంది.

నేనిప్పటికీ ఆ మాట తలుచుకుంటే తల దించుకుంటాను. ఆ రోజు నుంచి అరుగులు ఎక్కడం మానేశాను. వాడలకు నడిచిపోయి, గడపలో కూర్చుని మాట్లాడేదాన్ని. మాటలు వచ్చాయి. చాలా వచ్చాయి. నాకు పని వచ్చేసిందని గర్వం కూడా వచ్చింది. ఆ గర్వంతోనే తాండూరు పోయాను.

పెళ్ళి పిలుపుల పట్టిక

కొన్నేళ్ళకు డైరెక్టర్ గారికి కొత్త ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. "మన నివేదికల్లో ఒకే రకం మనుషుల మాటలుంటున్నాయి. అన్ని కులాలూ, మతాలూ, భాషలూ ఉండాలి" అన్నారు. ఒక పట్టిక తయారైంది. మాదిగలు ఇద్దరు, మాలలు ఇద్దరు, లంబాడీలు ఇద్దరు, ముస్లింలు ఇద్దరు, రెడ్లు ఇద్దరు, అలా పోయి పోయి చివర కన్నడం మాట్లాడేవాళ్ళు ఇద్దరు. మేం దాన్ని పెళ్ళి పిలుపుల పట్టిక అనేవాళ్ళం. ఎవరినీ మరిచిపోలేదని చెప్పుకోవడానికి పనికొస్తుంది, పిలిచినవాళ్ళు తిన్నారా లేదా అన్నది వేరే సంగతి.

అదే సమయంలో టేప్ రికార్డర్ వచ్చింది. క్యాసెట్లు తక్కువ. మాటలు టైపు చేయించాక అదే క్యాసెట్ మీద మళ్ళీ కొత్త మాటలు ఎక్కించాలి, అది నియమం. డైరెక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఎలా వినాలో నేర్పారు. మధ్యలో అడ్డుపడొద్దు. కళ్ళలోకి చూడండి. తల ఊపుతూ ఉండండి. "మీరు తల ఊపినంతసేపూ మనిషి మాట ఆపడు. ఆపితే మళ్ళీ ఊపండి" అనేవారు. ఒకరికెదురుగా ఒకరం కూర్చుని తల ఊపడం సాధన చేశాం. నాకంత బాగా ఎవరికీ రాలేదని ఆయనే మెచ్చుకున్నారు.

ఆ ఏడాది పని ఏమిటంటే, ఛాతీ జబ్బులు. మా సంస్థ చేతికి ఒక ఎక్స్‌రే వ్యాను వస్తుంది. అది ఏ ఊళ్ళకు పోవాలో, ఎవరి ఛాతీలు ముందు చూడాలో మా నివేదికను బట్టి తేలుతుంది. తాండూరు బండల గనులకా, వికారాబాద్ చుట్టుపక్కల పల్లెలకా? రెండిటికీ పోయేంత వ్యాను కాదది. కనుక మేం రాసుకొచ్చే మాటల మీద కొందరి ఊపిరి ఆధారపడి ఉంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు.

గని దగ్గర

చలికాలం. తాండూరు దాటి జీపులో ఒక గనికి పోయాం. అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్ళు, కన్నడం తప్ప వేరే మాట రానివాళ్ళు. పొద్దున్నే ఉలి సుత్తె చప్పుడు, గాలిలో తెల్లటి దుమ్ము. మనుషుల కనుబొమల మీద కూడా దుమ్మే. దగ్గు ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకక్కర్లేదు, చెవులుంటే చాలు.

నాకు కన్నడం రాదు. ఆఫీసులో కన్నడం వచ్చిన మనిషి కావాలని అడిగితే "పట్టికలో ఇద్దరే కదా, అక్కడే ఎవరినైనా చూసుకో" అన్నారు. అక్కడ రెండు భాషలూ వచ్చినవాడు మేస్త్రీ ఒక్కడే. పనివాళ్ళను తెచ్చేదీ వాడే, తీసేసేదీ వాడే. గనిలో అడుగుపెట్టాలన్నా వాడి మాట కావాలి. వాడి రేకుల షెడ్డులో కూర్చున్నాం. అరుగులు మానేశానని చెప్పాను కదా. ఇది అరుగే, రేకులు కప్పిన అరుగు. నేను గుర్తుపట్టలేదు.

శరణమ్మ అనే ఆమెను పంపారు. ముప్పై ఏళ్ళుంటాయి. రాళ్ళ ముక్కలు మోసి మోసి భుజం ఒక పక్కకు వంగిపోయింది. దూరంగా బండల కుప్ప పక్కన ఆమె భర్త బసప్ప కూర్చుని ఉన్నాడు. నాలుగు దెబ్బలు కొట్టి ఆగుతున్నాడు, ఊపిరి తీసుకుని మళ్ళీ నాలుగు కొడుతున్నాడు.

"మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా?" అని అడిగాను. మేస్త్రీ కన్నడంలో అడిగాడు. ఆమె రెండే మాటలు అంది.

"ఏం లేదంటున్నది మేడమ్. బండల పనిల జర దుమ్ముంటది, గంతే" అన్నాడు మేస్త్రీ.

"రాత్రిళ్ళు ఆయాసం?"

"అదీ లేదంట. మంచిగనే ఉన్నరు మావోళ్ళు."

ఇంతలో రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. బండలు ఎక్కించడానికి వచ్చిన లారీ. మేస్త్రీ "ఇప్పుడే వస్త మేడమ్" అని బయటికి పోయాడు. టేపు తిరుగుతూనే ఉంది.

శరణమ్మ వాడు పోయిన వైపు చూసింది. తర్వాత ముందుకు జరిగి నా మణికట్టు పట్టుకుంది. గరుకు చెయ్యి. గొంతు తగ్గించి, గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది. మొగుడి వైపు చూపించింది. గుడిసెల వరుస చూపించి ఐదు వేళ్ళు చాపింది. తాండూరు దిక్కు చూపించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనేం చేశానంటే, ఆమె కళ్ళలోకి చూస్తూ తల ఊపాను. ఊఁ అన్నాను. నేర్చుకున్న విద్య కదా. ఎంత బాగా మాట్లాడిస్తున్నానో అనుకున్నాను. ఇంత సంతోషం నాకెందుకు కలిగిందో ఇప్పుడు ఆలోచిస్తే అసహ్యంగా ఉంటుంది.

చివర్లో ఆమె ఆగింది. నా మొహంలోకి చూసి ఏదో అడిగింది. అడిగిందని గొంతును బట్టి తెలిసింది. నేను తల ఊపి, "సరేనమ్మా" అన్నాను. ఆమె నా చెయ్యి రెండు చేతులతో నొక్కి వదిలింది.

మేస్త్రీ తిరిగొచ్చాడు. నేను, మహా తెలివైనదాన్ని, "ఈమె చాలా చెప్పింది, ఏం చెప్పిందో అడుగు" అన్నాను. ఆమె మొహం పాలిపోయింది. మేస్త్రీ గట్టిగా ఏదో అడిగాడు, ఆమె ఒక్క ముక్కలో జవాబిచ్చి బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

"ఏముంటది మేడమ్, ఇంటి ముచ్చట్లు" అన్నాడు. పట్టికలో రెండో మనిషి కింద మేస్త్రీనే రాసుకున్నాను. వాడూ కన్నడం మాట్లాడేవాడే కదా. పట్టిక నిండింది.

వేరే భాష

టైపు చేసే ఆమె హెడ్డాఫీసులో ఉండేది. ఆమె పంపిన కాగితంలో శరణమ్మ మాటల దగ్గర బ్రాకెట్లో ఇలా ఉంది: వేరే భాష, నాలుగు నిమిషాలు. దాని కింద నేను అన్న "సరేనమ్మా" ఒక్కటీ టైపు చేసి ఉంది.

డైరెక్టర్ గారు చదివి, "ఇక్కడ ఏం చెప్పింది?" అని అడిగారు.

"ఇంటి సంగతులండీ" అన్నాను.

"సందర్భాన్ని బట్టి నీకు అర్థమైందిగా?"

"అయిందండీ."

ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో పెద్దది ఇదే. ఆయన ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. ఆయన అడగలేదు. గని కూలీలకు ఛాతీ జబ్బుల గురించి పెద్దగా బాధ లేదని నివేదికలోకి ఎక్కింది. వ్యాను వేరే పల్లెలకు పోయింది. హెడ్డాఫీసుకు వచ్చిన పెద్దలు పట్టిక చూసి మెచ్చుకున్నారు. ఇన్ని కులాలనూ భాషలనూ కలుపుకున్న పని ఇంతకుముందు చూడలేదన్నారు. నాకు కూడా ఒక శాలువా కప్పారు.

ఈరమ్మ

వానలు పడ్డాక కొత్త పని వచ్చింది. క్యాసెట్లు కావాలి. వికారాబాద్ ఆఫీసులో మధ్యాహ్నం పూట కూర్చుని పాతవి ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాను, ఏది పాడైంది, ఏది పనికొస్తుందని. మా ఆఫీసు ఊడ్చి, నీళ్ళు పెట్టి, చాయ్ కాచే ఈరమ్మ గది ఊడుస్తున్నది. నేను చేరినప్పటి నుంచీ ఆమె అక్కడే ఉంది.

టేపులో శరణమ్మ గొంతు వచ్చింది. ఈరమ్మ చీపురు ఆగింది. నేను ఆపబోతే, "ఉండనియ్యుండ్రి మేడమ్" అంది. గోడకానుకుని నాలుగు నిమిషాలూ విన్నది. చివర నా గొంతు, "సరేనమ్మా."

ఈరమ్మ నా వైపు తిరిగింది. "మరి పోయిండ్రా మేడమ్?"

"ఎక్కడికి?"

"తాండూరుల వారం వారం అయ్యే అంగడికి. మీరు వస్తనని చెప్పిండ్రు గద."

టేపు వెనక్కి తిప్పాను. ఈరమ్మ నేల మీద కూర్చుని, కొంచెం కొంచెం విని, కొంచెం కొంచెం చెప్పింది.

"గీ మేస్త్రీ ముంగట ఏం అడగకు అంటున్నది. దగ్గున్నదని చెప్తే తెల్లారి పనికి రానియ్యడంట. మా ఆయనకు దగ్గుల నెత్తురు పడుతున్నది. క్షయ అని ఏడాది గోలీలు మింగిండు, తక్కువ కాలే. మా వరుసల ఇంకా ఐదుగురు మొగోళ్ళు గిట్లనే ఉన్నరు. ఇది గోలీలకు పోయే జబ్బు కాదు, బండల దుమ్ము లోపల కూసున్నది అంటున్నది."

ఇది చెప్పింది ఒక రాళ్ళు మోసే మనిషి. మా సంస్థలో అప్పటికి ఎవరూ ఆ మాట అనలేదు.

"అంగడి రోజు అందరం తాండూరుకు వస్తం. మిరపకాయలు అమ్మేటోళ్ళ పక్కన కూసుంట. మా ఆయనను తీస్కొని వస్త, గా ఐదుగురిని గూడ తీస్కొని వస్త. నువ్వు జీపు తీస్కొని రా, పెద్ద డాక్టరుకు చూపియ్యి. వస్తవా అక్కా, మాట తప్పవు గద అని అడిగింది." ఈరమ్మ ఆగింది. "మీరు సరేనమ్మా అన్నరు."

నేను టేపు ఆపాను. "నీకు కన్నడం వచ్చని ఎప్పుడూ చెప్పలేదేం ఈరమ్మా?"

"మాది బషీరాబాద్ దిక్కు. మా అవ్వగారిల్లు సరిహద్దు అవతల. రాక ఏమైతది?" అంది. "ఎవరడిగిండ్రు మేడమ్?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఎవరూ అడగలేదు. అన్ని భాషలూ ఉండాలని పట్టిక గీసిన ఆఫీసులో, పదేళ్ళు ఆమె చేతి చాయ్ తాగినవాళ్ళం, ఆమె ఇంట్లో ఏ మాట మాట్లాడుతుందో ఒక్కరం కనుక్కోలేదు.

తొమ్మిది రోజులు

ఆ సాయంత్రమే తాండూరు పోవాల్సింది. ప్యాసింజర్ బండి ఉంది, బస్సులున్నాయి, అవి నాకు తెలియనివి కావు. నేను హెడ్డాఫీసుకు ఉత్తరం రాసి, జీపు కావాలని అడిగి, జవాబు కోసం కూర్చున్నాను. ఆమె జీపు తీసుకుని రమ్మంది కదా, ఉత్త చేతులతో ఎలా పోవాలని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. తొమ్మిదో రోజున జీపు రాలేదు గానీ, డైరెక్టర్ గారు హైదరాబాద్ రమ్మన్నారని కబురొచ్చింది.

క్యాసెట్, ఈరమ్మ చెప్పింది రాసిన కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. చదివి కళ్ళజోడు తీసి చాలాసేపు కళ్ళు నలుపుకున్నారు. ఆయనకు బాధ కలిగింది, అది నటన కాదు.

"చూడు సుగుణా, నివేదిక అచ్చయిపోయింది. వ్యాను ఇచ్చినవాళ్ళు ఊళ్ళు నిర్ణయించేశారు. ఇప్పుడు నేను వెళ్ళి మా మాట తప్పని చెప్తే, వచ్చే ఏడు అసలు వ్యానే ఉండదు."

"మనుషులు చనిపోతారండీ."

"తెలుసు. తర్వాతి నివేదికలో భాషకు సంబంధించిన ఇబ్బందులని ఒక వాక్యం చేరుద్దాం."

ఆ వాక్యం చేరింది. మంచి తెలుగులోనే చేరింది. ఆ తర్వాత నేను చేసిన ప్రతి పనిలోనూ అది ఉంది, ఒక్క అక్షరం మారకుండా. పట్టిక మాత్రం ఏడాదికేడాది పెద్దదైంది. పట్టిక పెద్దదైనకొద్దీ అందులో నోళ్ళు తగ్గుతాయని నాకు అర్థమైంది, ఎందుకంటే ప్రతి గడిలోకీ తెలుగు వచ్చినవాణ్ణో, పెద్దమనిషినో, మేస్త్రీనో వెతికి కూర్చోబెట్టేవాళ్ళం. లంబాడీ తండాకు పోతే తెలుగు వచ్చిన ఒక్కడితో మాట్లాడి, తండా అంతా మాట్లాడిందని రాసేవాళ్ళం. ఎనభైలలో కొత్తగా వచ్చిన పిల్లలకు నేను ఇదంతా చెప్పాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు, తల ఊపారు.

కనుక, అమ్మాయ్, నీకు నేను పద్ధతులు చెప్పలేను. భాష రాకపోతే తల ఊపకు. రాలేదని చెప్పు, చేతులతో చూపించు, మాట ఆగిపోతే ఆగిపోనీ. మీ ఆఫీసు ఊడ్చే ఆమెతో మొదటి రోజే మాట్లాడు. ఇవి చేస్తే అంతా బాగుపడుతుందని నేననను, నేను చూడలేదు.

అంగడి

తాండూరు పోయిన సంగతి చివరికి ఉంచాను. రాయడం కష్టం గనుక.

డైరెక్టర్ గారిని కలిసి వచ్చాక, ఈరమ్మను వెంటబెట్టుకుని ప్యాసింజర్ బండిలో పోయాను. బండిలో ఆమె పక్కన మొదటిసారి కూర్చున్నాను, అప్పటిదాకా ఆఫీసులో నేను కుర్చీలో, ఆమె నేల మీద. గని దగ్గర ఆ గుడిసెల వరుస లేదు. కొత్త మనుషులు, కొత్త గుడిసెలు. అడిగితే, శరణమ్మ ఊళ్ళో బండలు పాలిష్ పట్టే చోట పనికి కుదిరిందని చెప్పారు. బసప్ప శివరాత్రి పోయాక చనిపోయాడట.

పాలిష్ మిషన్ల దగ్గర దొరికింది. మోచేతుల దాకా తెల్లటి బురద. నన్ను చూడగానే గుర్తుపట్టింది. నేను తెలుగులో ఏదేదో అనబోయాను. ఈరమ్మ నన్ను ఆపి, తనే మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ బయట రాళ్ళ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. శరణమ్మ ఏడవలేదు. నా వైపు చూస్తూ చెప్తున్నప్పుడు నా తల దానంతటదే ఊగబోయింది. గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపుకున్నాను.

"నాలుగు అంగళ్ళు కూసున్నరంట మేడమ్" అని చెప్పింది ఈరమ్మ. "పొద్దున వచ్చి, మిరపకాయలోళ్ళు సంచులు కట్టుకునేదాంక. ఆరుగురు మొగోళ్ళు, ఆరుగురు ఆడోళ్ళు. జీపు చప్పుడైనప్పుడల్లా ఈమె లేచి నిలబడేదంట. నాలుగో అంగడికి బసప్ప కూసోలేకపోయిండు, గోనెసంచి పరిచి పండబెట్టింది. గా దినం మేస్త్రీ చూసిండు. పని ఎగ్గొట్టి గీడ ఏం చేస్తున్నరని, తెల్లారి అందరిని ఎల్లగొట్టిండు."

"మిగతా ఐదుగురు?"

"ఎవరి ఊరికి వాళ్ళు పోయిండ్రంట. యాడున్నరో, ఉన్నరో లేరో, ఈమెకు తెల్వదు."

నేను చేయగలిగింది ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాను. తీసుకుపోవడానికి మనిషి లేడు, పిలవడానికి ఊరి పేరు లేదు. నన్ను తిట్టమని ఆమెకు చెప్పమన్నాను. ఈరమ్మ ఆ మాట చెప్పలేదు, నాకు తెలుసు.

శరణమ్మ లేచి చీరకు చేతులు తుడుచుకుంది. పోబోతూ ఆగి, ఒక ప్రశ్న వేసింది.

"మా గురించి ఏం రాసినవ్ అని అడుగుతున్నది" అంది ఈరమ్మ.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఈరమ్మ దాన్ని ఇంకా మెత్తగా మార్చి చెప్పేది కూడా. కానీ ఆ రోజు అబద్ధం నా నోటికి రాలేదు.

"మీరంతా బాగానే ఉన్నారని రాశానని చెప్పు" అన్నాను.

ఈరమ్మ నన్ను చూసింది. తర్వాత కన్నడంలో చెప్పింది.

శరణమ్మ విన్నది. నా కళ్ళలోకి చూస్తూ మెల్లగా తల ఊపింది. తర్వాత లోపలికి పోయి, మిషన్ దగ్గర కూర్చుంది.